మాంద్యంలో కార్ల కంపెనీ లెక్కలు చదవడం – 3వ భాగం: చేతిలో నగదు ఎన్ని నెలలొస్తుంది?

మొదటి భాగంలో నెలవారీ అమ్మకాల అంకెలు, రెండో భాగంలో డీలర్ల దగ్గర పేరుకున్న స్టాకు చూశాం. ఈసారి ప్రశ్న ఒకటే. అమ్మకాలు పడిపోయాక కంపెనీ చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలు ఆగుతుంది? దీనికి త్రైమాసిక నివేదిక, కాగితం, కాలిక్యులేటర్ చాలు. అభ్యాసానికి 2008–09 నాటి అమెరికా కంపెనీలు జనరల్ మోటార్స్ (జీఎం), ఫోర్డ్, క్రైస్లర్‌లను తీసుకుందాం. ఒకే దెబ్బ మూడింటికీ తగిలింది, ఫలితాలు మాత్రం వేరు. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ముందు దెబ్బ ఎంతటిదో చూడండి. 2007లో అమెరికాలో సుమారు 1.61 కోట్ల కార్లు, చిన్న ట్రక్కులు అమ్ముడయ్యాయి. 2008లో అవి 1.32 కోట్లకు, 2009లో 1.04 కోట్లకు దిగాయి. రెండేళ్లలో మూడో వంతుకు పైగా గిరాకీ పోయింది. 2008 వేసవిలో పెట్రోలు గాలన్ 4 డాలర్లు దాటడంతో మొదట పెద్ద ట్రక్కులు, ఎస్‌యూవీలు ఆగిపోయాయి. ఈ మూడు కంపెనీలకూ లాభం వచ్చేది వాటి మీదే. సెప్టెంబరు తర్వాత అప్పు పుట్టక మిగతా బండ్లూ ఆగాయి.

నష్టం అంకె దగ్గర ఆగిపోకండి

జీఎం 2007లో 3,870 కోట్ల డాలర్ల నష్టం చూపింది, 2008లో 3,090 కోట్ల డాలర్లు. పెద్ద నష్టం వచ్చిన ఏడాది కంపెనీ నిలబడింది, అంతకన్నా చిన్న నష్టం వచ్చిన ఏడాది ప్రభుత్వ రుణం లేకుండా నిలబడలేకపోయింది. కారణం తేలికే. 2007 నష్టంలో సింహభాగం పుస్తకాల్లో రాసుకున్నదే. భవిష్యత్తులో లాభాలొస్తే పన్ను తగ్గుతుందని ఆస్తిగా చూపుకున్న మొత్తాన్ని, ఇక ఆ లాభాలు వచ్చేలా లేవని కొట్టేశారు. దానికోసం బ్యాంకులోంచి ఒక్క డాలరు కూడా బయటికి పోలేదు. 2008లో పోయింది నిజమైన డబ్బు. అందుకే లాభనష్టాల పట్టికను పక్కన పెట్టి నగదు ప్రవాహాల పట్టిక తెరవండి.

మొదటి మెట్టు: ఉన్నదెంత?

నగదు, వెంటనే అమ్ముకోగల సెక్యూరిటీలు, వెంటనే తీసుకోగల ఇతర నిధులు కలిపి ఒక అంకె రాయండి. జీఎంకు ఈ మొత్తం 2008 జూన్ 30న 2,100 కోట్ల డాలర్లు, సెప్టెంబరు 30న 1,620 కోట్ల డాలర్లు. కంపెనీకి సొంత ఫైనాన్స్ సంస్థ ఉంటే దాని నగదును ఇందులో కలపకండి. ఆ డబ్బు అక్కడి అప్పులకు కట్టుబడి ఉంటుంది, ఫ్యాక్టరీ జీతాలకు రాదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

రెండో మెట్టు: ముట్టుకోకూడనిది ఎంత?

కార్ల కంపెనీ నగదు సున్నాకు చేరేదాకా నడవదు. చాలా ముందే ఆగిపోతుంది. రోజువారీ చెల్లింపులు ఆగకుండా సాగడానికి తమకు కనీసం 1,100 నుంచి 1,400 కోట్ల డాలర్లు కావాలని జీఎం అప్పట్లో చెప్పింది. వినడానికి అతిగా ఉంటుంది కానీ చెల్లింపుల పద్ధతి తెలిస్తే అర్థమవుతుంది.

విడిభాగాలు అందిన నెల తర్వాత వచ్చే రెండో నెలలో, రెండో తేదీ ప్రాంతంలో జీఎం సప్లయర్లకు డబ్బు కట్టేది. ఆగస్టులో అందిన సరుకుకు అక్టోబరు 2 ప్రాంతంలో చెల్లింపు అన్నమాట. సగటున 47 రోజుల అరువు. అంటే నెల మొత్తం సరుకు బాకీ దాదాపు ఒకే రోజు తీర్చాలి. ఆ రోజున ఖాతాలోంచి కొన్ని వందల కోట్ల డాలర్లు పోయి, నెలంతా మెల్లగా నిండుతుంది. ఇంకో సంగతి గమనించండి. త్రైమాసికం ముగిసేది 30న, చెల్లింపు రోజు ఆ వెంటనే. నివేదికలో కనిపించే నిల్వ చెల్లింపుకు ముందు రోజులది, నెలలో అన్నిటికన్నా నిండుగా ఉన్నప్పటిది. కనీస నిల్వ గురించి మేనేజ్‌మెంట్ ఇంత నుంచి ఇంత అని రెండు అంకెలు చెబితే లెక్కకు పై అంకె తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పోల్చుకోవడానికి కింది అంకె కూడా రాసి ఉంచుకోండి.

మూడో మెట్టు: నెలకు ఎంత కరుగుతోంది?

రెండు తేదీల నిల్వల తేడా తీసి మూడుతో భాగించడం సులువు. జీఎంకు ఆ తేడా 480 కోట్లు, నెలకు 160 కోట్లు. 1,620ని 160తో భాగిస్తే పది నెలలు వస్తుంది. ఈ లెక్క నమ్మినవారికి వచ్చే వేసవి దాకా దిగులు లేదు.

కానీ ఆ త్రైమాసికంలోనే జీఎం తన బ్యాంకు రుణ ఒప్పందంలో మిగిలిన 350 కోట్ల డాలర్లు పూర్తిగా వాడుకుంది. అప్పుగా వచ్చిన ఆ డబ్బు నిల్వ తరుగుదలను కప్పేసింది. 480కి 350 కలిపితే 830. అందులోంచి మళ్లీ రాని చెల్లింపుల వంటివి తీసేశాక కార్ల వ్యాపారంలోంచి నిజంగా కరిగిపోయింది 690 కోట్లు, అంటే నెలకు 230 కోట్లు. కాబట్టి నిల్వల తేడాకు మూడు కలపాలి: కొత్తగా తెచ్చిన అప్పులు, ఆస్తులమ్మిన డబ్బు, వాటాలమ్మిన డబ్బు. తీర్చిన పాత అప్పులు, పంచిన డివిడెండ్లు, మళ్లీ రాని ప్రత్యేక చెల్లింపులు తీసేయాలి. మిగిలేదే నెలనెలా కరిగే అసలు మొత్తం.

ఇప్పుడు భాగించండి. 1,620లోంచి 1,400 తీస్తే 220. దాన్ని 230తో భాగిస్తే నెల కన్నా తక్కువ. 1,100 కనీస నిల్వగా తీసుకుంటే 520 మిగులుతుంది, రెండుంపావు నెలలు. పది నెలలన్న జవాబుకూ దీనికీ ఎంత దూరమో చూడండి. నవంబరు 7న జీఎం తనే ఒప్పుకుంది, ఏడాది చివరికల్లా నగదు కనీస స్థాయి దగ్గరకు వస్తుందని. డిసెంబరు 19న అధ్యక్షుడు బుష్ ప్రకటించిన 1,740 కోట్ల డాలర్ల రుణంలో జీఎం వాటా 1,340 కోట్లు, క్రైస్లర్‌ది 400 కోట్లు. జీఎంకు మొదటి విడత 400 కోట్లు అందింది డిసెంబరు 31న.

నాలుగో మెట్టు: కరిగిన దాంట్లో ఒక్కసారికి పోయేది ఎంత?

ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే, నెమ్మదిగా చదవండి.

బండి ఫ్యాక్టరీ గేటు దాటి డీలరుకు బయల్దేరగానే కంపెనీ దాన్ని అమ్మకంగా రాసుకుంటుంది. డీలరు తరఫున ఫైనాన్స్ సంస్థ కొద్ది రోజుల్లోనే డబ్బు కడుతుంది. సప్లయర్లకు కంపెనీ కట్టేది మాత్రం 47 రోజుల తర్వాత. ముందు రాబడి, తర్వాత చెల్లింపు. వ్యాపారం పెరుగుతున్నంతకాలం సప్లయర్ల డబ్బుతోనే కంపెనీ నడుస్తుంది. ఉత్పత్తి తగ్గించిన నెలలో ఇది తలకిందులవుతుంది. కొత్త బండ్ల రాబడి పడిపోతుంది, పాత సరుకు బిల్లులు పూర్తిగా గడువుకొస్తాయి.

ఒక ఊహా కంపెనీతో అంకెలు వేద్దాం. నెలకు లక్ష బండ్లు, ఒక్కో బండికి బయటినుంచి కొనే విడిభాగాలు 15,000 డాలర్లు. నెల కొనుగోళ్లు 150 కోట్లు. 47 రోజుల అరువు కాబట్టి ఎప్పుడూ సప్లయర్లకు ఉండే బాకీ 150 × 47 ÷ 30, అంటే 235 కోట్లు. ఉత్పత్తిని 70 వేలకు తగ్గిస్తే బాకీ మట్టం 164.5 కోట్లకు దిగుతుంది. ఆ తేడా 70.5 కోట్లు రెండు నెలల్లో జేబులోంచి కట్టాలి. బండ్ల మీద పైసా నష్టం రాకపోయినా ఇది తప్పదు.

2008 డిసెంబరు 19 నుంచి క్రైస్లర్ తన 30 ఫ్యాక్టరీలనూ నెలపాటు మూసింది. డీలర్ల దగ్గర స్టాకు తగ్గించడానికి అదే సరైన పని. నగదుకు మాత్రం అది గొడ్డలిపెట్టు. గేటు దాటే బండి లేదు కాబట్టి రాబడి లేదు, అక్టోబరు నవంబరు నెలల బిల్లులు మాత్రం వరసగా వచ్చి పడ్డాయి.

కాబట్టి నగదు ప్రవాహాల పట్టికలో 'చెల్లించవలసిన బాకీల్లో మార్పు' అనే వరస వెతికి, ఆ అంకెను విడిగా రాయండి. ఉత్పత్తి ఇక తగ్గకపోతే ఆ ఖర్చు మళ్లీ రాదు. ఇంకా తగ్గిస్తే మళ్లీ వస్తుంది. ఇది రెండు వైపులా కోస్తుంది. ఉత్పత్తి తిరిగి పెంచిన త్రైమాసికంలో ఇదే వరస నగదును పైకి చూపిస్తుంది. ఆ డబ్బును వ్యాపారంలో వచ్చిన మెరుగుదలగా లెక్కేయకండి.

సప్లయర్లు అరువు తగ్గించమంటే ఇదే లెక్క ఇంకా వేగంగా బిగుసుకుంటుంది. 47 రోజులు 30 అయితే పై కంపెనీ మరో 85 కోట్లు (70 వేల బండ్లకు 59.5 కోట్లు) తేవాలి. చిన్న సప్లయర్లు వరసగా మూతపడతారన్న భయంతోనే 2009 మార్చిలో అమెరికా ప్రభుత్వం వారి బాకీలకు హామీగా 500 కోట్ల డాలర్ల పథకం పెట్టింది. ఒకే సప్లయరు మూడు కంపెనీలకూ భాగాలిస్తాడు కనుక ఒకడు ఆగితే ముగ్గురి లైన్లూ ఆగుతాయి.

ఐదో మెట్టు: తగ్గని ఖర్చు ఎంత?

ఉత్పత్తి తగ్గినా తగ్గని ఖర్చు స్థిర ఖర్చు. దాన్ని బండికి వచ్చే మిగులుతో (ధరలోంచి ఆ బండి తయారీకే అయ్యే ఖర్చు పోగా మిగిలేది) భాగిస్తే లాభనష్టాలు లేని అమ్మకం తేలుతుంది. స్థిర ఖర్చు ఏడాదికి 1,200 కోట్లు, బండికి మిగులు 6,000 డాలర్లు అనుకోండి. 20 లక్షల బండ్లు అమ్మితే సరికి సరి. 24 లక్షలకు 240 కోట్ల లాభం. అమ్మకాలు నాలుగో వంతు పడి 18 లక్షలైతే 120 కోట్ల నష్టం. కంగారుపడి బండికి 1,000 డాలర్ల రాయితీ ఇస్తే మిగులు 5,000కు దిగుతుంది, సరికి సరి గీత 24 లక్షలకు ఎక్కుతుంది. ఆ రాయితీతో అమ్మకాలు పెరగకపోతే 18 లక్షల దగ్గర నష్టం 300 కోట్లు. 2005 వేసవిలో జీఎం తన ఉద్యోగుల ధరకే అందరికీ బండ్లమ్మింది. జూన్ అమ్మకాలు 41 శాతం ఎగశాయి. కానీ శరదృతువులో కొనాల్సినవాళ్లు ముందే కొనేసినందువల్ల తర్వాతి నెలలు వెలవెలబోయాయి.

జాగ్రత్త పడాల్సింది 'స్థిర' అన్న మాట దగ్గర. పాఠ్యపుస్తకాల ప్రకారం కార్మికుల జీతం ఉత్పత్తితో పాటు తగ్గే ఖర్చు. డెట్రాయిట్‌లో అలా లేదు. యూనియన్ ఒప్పందంలోని 'జాబ్స్ బ్యాంక్' కింద పని లేని కార్మికుడికీ దాదాపు పూర్తి జీతం అందేది. 2008 డిసెంబరులోనే యూనియన్ దాన్ని నిలిపేయడానికి ఒప్పుకుంది. రిటైరైనవారి వైద్య ఖర్చులూ ఉత్పత్తితో పనిలేకుండా సాగేవి. వాటిని విడి ట్రస్టుకు మార్చాలని 2007లో ఒప్పందం కుదిరినా ఫలితం అందేలోపే మాంద్యం వచ్చిపడింది. ఇందులో కార్మికులను తప్పుపట్టడానికేమీ లేదు, అది ఇరుపక్షాలూ సంతకం చేసిన మాట. లెక్క వేసేవారు మాత్రం ఒప్పందం చదివాకే ఖర్చును ఏ గడిలో వేయాలో తేల్చుకోవాలి.

ఆరో మెట్టు: కొనేవాడికి అప్పు ఎవరిస్తున్నారు?

జీఎం 2006లోనే తన ఫైనాన్స్ సంస్థ జీమాక్‌లో 51 శాతం వాటా అమ్మేసింది. 2008 అక్టోబరులో జీమాక్ క్రెడిట్ స్కోరు 700 దాటినవారికే కారు రుణాలని పరిమితి పెట్టింది. ఆ నెల జీఎం అమ్మకాలు అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే 45 శాతం పడిపోయాయి. దీనికి ఫార్ములా లేదు. ఫైనాన్స్ సంస్థ నిబంధనలు బిగిస్తే రాబోయే త్రైమాసికంలో కరిగే మొత్తాన్ని పెంచి లెక్కించండి.

అదే లెక్క ఫోర్డ్‌కు

2008 మూడో త్రైమాసికంలో ఫోర్డ్ కరిగించింది 770 కోట్ల డాలర్లు, జీఎం కన్నా ఎక్కువే. అయినా ఫోర్డ్ దివాలా తీయలేదు. చేతిలో 1,890 కోట్ల నగదు, వాడని బ్యాంకు రుణం మరో 1,070 కోట్లు. పోలిక కోసం 1,000 కోట్లు కనీస నిల్వ అనుకుంటే 1,960ని నెలకు 257తో భాగించాలి. ఏడున్నర నెలలకు పైగా వస్తుంది. ఈ వ్యవధి 2006 చివర్లో కొనుక్కున్నది. అప్పుడు సీఈఓ అలన్ ములాలీ నాయకత్వంలో ఫ్యాక్టరీల నుంచి నీలి రంగు లోగో దాకా తాకట్టు పెట్టి 2,300 కోట్ల డాలర్లకు పైగా సమీకరించారు. అప్పు పుట్టే రోజుల్లో తెచ్చిన అప్పు అది. క్రైస్లర్ 2009 ఏప్రిల్ 30న, జీఎం జూన్ 1న దివాలా రక్షణ కోరాయి.

వాడని రుణాన్ని లెక్కలో కలిపేముందు షరతులు చదవండి. కొన్ని ఒప్పందాల్లో కంపెనీ పరిస్థితి దిగజారితే బ్యాంకు వెనక్కి తగ్గే వీలుంటుంది. అలాంటి దాన్ని సున్నాగా రాసుకోండి.

అభ్యాసం

ఒక ఊహా కంపెనీ నగదు త్రైమాసికం మొదట్లో 900 కోట్లు, చివర్లో 780 కోట్లు. మధ్యలో 150 కోట్లు అప్పు తెచ్చింది, 30 కోట్లకు భూమి అమ్మింది. ఉత్పత్తి తగ్గించడం వల్ల సప్లయర్ల బాకీ 120 కోట్లు తగ్గింది. కనీస నిల్వ 500 కోట్లు. ఎన్ని నెలలు?

జవాబు: పైపై లెక్కకు 780 ÷ 40, పంతొమ్మిదిన్నర నెలలు. అసలు కరిగింది 120 + 150 + 30 = 300 కోట్లు, నెలకు 100. వాడుకోగలిగింది 280 కోట్లు. ఉత్పత్తిని మళ్లీ అంతే తగ్గిస్తే 2.8 నెలలు. ఉత్పత్తి ఇక్కడే నిలిస్తే బాకీ తీర్చిన 120 మళ్లీ రాదు, త్రైమాసికానికి 180, నెలకు 60. అప్పుడు 4.7 నెలలు. రెండు జవాబులూ రాయాలి. ఒక్కటే రాస్తే సగం లెక్కే చేసినట్టు.

తర్వాతి భాగంలో అప్పుల గడువుల పట్టిక కట్టడం చూద్దాం. మీరు ఎంచుకున్న కంపెనీ వార్షిక నివేదికలో రుణాల అనుబంధం పేజీలు దగ్గర పెట్టుకోండి.