విదేశంలో ఉంటూ బీపీని అదుపులో పెట్టుకోవడం ఎలా?

విదేశం వెళ్లాక బీపీ పెరిగితే కొత్త ఉద్యోగం ఒత్తిడో, చలో కారణమని చాలామంది అనుకుంటారు. అంతకంటే మామూలు కారణం ఒకటుంది. తెచ్చుకున్న మాత్రలు అయిపోతాయి, అప్పటికింకా అక్కడ డాక్టరు కుదరడు. నాలుగు రోజులు మాత్ర మానేసినా ఒంట్లో తేడా తెలియదు కాబట్టి ఆ నాలుగు రోజులు నెల అవుతాయి. అందుకే ఈ పని ప్రయాణానికి నెలన్నర ముందే మొదలుపెట్టాలి.

1. బయల్దేరే ముందు: మందు అసలు పేరు రాయించుకోండి

మీ డాక్టరు దగ్గర టైపు చేసిన ఉత్తరం ఒకటి తీసుకోండి. మందు జెనరిక్ పేరు (బ్రాండు కాదు, అందులోని అసలు మందు పేరు), ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు, ఎందుకోసం, మీకు ఏ మందు పడదు, ఇటీవలి బీపీ అంకెలు అందులో ఉండాలి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, ఈసీజీ రిపోర్టులు దానికి జతచేయండి. మీ మాత్ర రెండు మూడు మందులు కలిపినదైతే ఒక్కో మందునూ విడిగా రాయించండి. ఆ కలయిక అక్కడ దొరక్కపోయినా విడివిడి మాత్రలు దొరుకుతాయి.

బ్రాండు పేరు సరిహద్దు దాటితే పనికిరాదు. ఒక్కోసారి ప్రమాదం కూడా. అమెరికాలో డైలాకోర్ పేరుతో అమ్మింది డిల్టియాజెమ్ అనే బీపీ మందు. సెర్బియాలో అదే పేరుతో ఉన్నది డిగాక్సిన్. అది గుండె మందే కానీ, మోతాదు కొంచెం మించినా విషమవుతుంది. ఈ గందరగోళం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో హెచ్చరించింది.

జెనరిక్ పేరులోనూ పూర్తి వివరం కావాలి. మెటోప్రొలాల్ సక్సినేట్ రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. మెటోప్రొలాల్ టార్ట్రేట్ సాధారణంగా రోజుకు రెండుసార్లు వేసుకునేది. ఉత్తరంలో ఉత్త 'మెటోప్రొలాల్ 50' అని ఉంటే అవతలి ఫార్మసిస్టు ఊహించుకోవాల్సిందే.

మీ మందు వెళ్లేచోట దొరుకుతుందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. కొన్ని దేశాల్లో విరివిగా రాసే సిల్నిడిపిన్ అమెరికాలో అమ్మకంలోనే లేదు. మందు మార్చక తప్పదనుకుంటే ఇక్కడుండగానే మార్పించుకోవడం మేలు. అమ్లోడిపిన్ లాంటివి పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కాళ్ల వాపు వస్తుందో లేదో ఈలోగా తేలిపోతుంది.

ఎన్ని మాత్రలు వెంట తీసుకెళ్లొచ్చో దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా సాధారణంగా 90 రోజులకు మించకూడదంటుంది. ఆస్ట్రేలియా మూడు నెలల వరకు ఒప్పుకుంటుంది. జపాన్‌లో డాక్టరు రాసిన మామూలు మందులకు పరిమితి ఒక నెల. అంతకు మించితే 'యున్యు కకునిన్‌షో' అనే అనుమతి పత్రం ముందుగానే తీసుకోవాలి. వెళ్లే దేశం ఆరోగ్య శాఖ లేదా కస్టమ్స్ వెబ్‌సైటులో ఈ నియమం ప్రయాణానికి ముందు మరోసారి చూసుకోండి.

మాత్రలన్నీ చేతి సంచిలోనే, కంపెనీ స్ట్రిప్పుల్లోనే ఉంచండి. వారానికి సరిపడా గళ్ల డబ్బాలో పోసుకునే అలవాటున్నవారు టెల్మిసార్టాన్ విషయంలో జాగ్రత్త పడాలి. అది గాలిలో తేమను పీల్చి మెత్తబడుతుంది. వేసుకునే క్షణంలోనే స్ట్రిప్పు నుంచి తీయాలి. డబ్బానే కావాలనుకుంటే స్ట్రిప్పును గడి గడిగా కత్తిరించి ముక్కలను అందులో పెట్టుకోండి.

2. ప్రయాణం రోజు మాత్ర ఎప్పుడు?

రోజుకొకసారి వేసుకునే అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ ఒంట్లో చాలాసేపు నిలిచి ఉంటాయి. వీటితో తలనొప్పి లేదు. దిగిన మర్నాటి నుంచి అక్కడి ఉదయానికి మార్చేసుకోవచ్చు. 24 గంటల ఎడం 18 గంటలైనా, 30 గంటలైనా పెద్ద తేడా రాదు. రోజుకు రెండు మూడుసార్లు వేసుకునే మందులుంటే, ముఖ్యంగా క్లోనిడిన్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఉంటే, టికెట్టు చూపించి డాక్టరు చేత వేళలు రాయించుకోండి. వీటిని ఒక్కసారిగా ఆపితే బీపీ, గుండె వేగం ఎగిసిపడతాయి. ఏ మందైనా సరే, మర్చిపోయిన మాత్ర గుర్తురాగానే వేసుకోండి. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే దాన్ని వదిలేయండి. రెండూ కలిపి వేసుకోవద్దు.

3. మొదటి నెలలోనే డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించండి

బాగానే ఉన్నాం కదా అని ఆగకండి. చాలాచోట్ల కొత్త పేషెంటుకు అపాయింట్‌మెంటు దొరకడానికే వారాలు పడుతుంది. చేతిలో రెండు వారాల మాత్రలు ఉండగానే కొత్త చీటీ అడిగే అలవాటు మొదటినుంచీ పెట్టుకోండి. ఆరోగ్య బీమా ఫారంలో బీపీ ఉందని రాయండి. దాచిపెడితే పెద్ద ఖర్చు వచ్చిన రోజున కంపెనీ అదే కారణం చూపి చేతులెత్తేయొచ్చు.

ఎవరో ఒకరు వస్తున్నారంటే వాళ్ల చేత ఆరు నెలల మాత్రలు తెప్పించుకుని ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. కస్టమ్స్ సంగతి అలా ఉంచితే, అసలు నష్టం వేరు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వేసుకునేవాళ్లకు, నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) వాడేవాళ్లకు కనీసం ఏడాదికోసారి క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూడాలి. మందు కొత్తగా మొదలుపెట్టినా, డోసు పెంచినా ఒకటి రెండు వారాల్లో చూడాలి. పార్సిల్లో మాత్ర వస్తుంది కానీ రక్తపరీక్ష రాదు. గర్భం కోసం ప్రయత్నించేవారు ఈ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి. పైన చెప్పిన నాలుగు మందులూ గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి వాటి బదులు లాబెటలాల్ లాంటివి ఇస్తారు.

కొత్త డాక్టరు చెప్పే అంకెలు పాత డాక్టరు చెప్పినవాటితో కలవకపోతే కంగారు పడకండి. అమెరికా మార్గదర్శకాల్లో 130/80 నుంచే అధిక బీపీ. బ్రిటన్‌లో ఆ గీత 140/90 దగ్గరుంది. చెప్పే తీరూ మారుతుంది. ఫ్రాన్స్‌లో, బ్రెజిల్‌లో '12, 8' అంటే మన 120/80. కొన్ని యంత్రాలు కిలోపాస్కల్‌లలో చూపిస్తాయి. 16/10.7 కనిపిస్తే అదీ 120/80నే. కిలోపాస్కల్ అంకెను 7.5తో గుణిస్తే సరి.

4. ఇంట్లో బీపీ చూసుకోవడం: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

మణికట్టుకు కట్టేది కాకుండా మోచేతి పైన కట్టే యంత్రం కొనండి. మోడల్ సరిగా కొలుస్తుందో లేదో, పరీక్షించి తేల్చిన యంత్రాలను చూపే స్ట్రైడ్ బీపీ (stridebp.org) వెబ్‌సైటు జాబితాలో వెతికితే తెలుస్తుంది. కరెంటు అడాప్టరుతో నడిచేదైతే 110, 220 వోల్టుల తేడా చూసుకోండి. బ్యాటరీలతో నడిచేదైతే ఆ గొడవ లేదు.

కొనేముందు టేపుతో భుజానికీ మోచేతికీ మధ్యలో చేతి చుట్టుకొలత కొలవండి. మామూలు పట్టీ చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. అంతకు మించితే పెద్ద పట్టీ కావాలి. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే ఉన్నదానికంటే పది, ఇరవై పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి డోసు పెంచితే కళ్లు తిరుగుతాయి.

కొలిచే పద్ధతి ఇది. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్టు, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన, రబ్బరు గొట్టం మోచేతి లోపలి వైపు రావాలి. చలి దేశాల్లో స్వెట్టరు చెయ్యి పైకి లాగి కడుతుంటారు. ఆ మడత జబ్బను బిగించి అంకెను పాడుచేస్తుంది. చెయ్యి పూర్తిగా బయటికి తీయాల్సిందే. చేతిని బల్ల మీద పెట్టి పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూడండి. పది సెంటీమీటర్లు కిందికి జారితే ఏడెనిమిది పాయింట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. గాలి నిండుతున్నప్పుడు మాట్లాడొద్దు.

తొలిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఇకపై చూస్తూ ఉండండి. డాక్టరును కలిసే ముందు వారం రోజుల పాటు ఉదయం మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం ఎడంతో కొలిచి రాసుకోండి. మొదటి రోజువి కొట్టేసి మిగతా 24 అంకెల సగటు తీయండి. డాక్టరు దగ్గర 140/90 అంటే ఇంట్లో 135/85తో సమానం. ఒక్కసారి 150 వచ్చిందని పదే పదే కొలుస్తూ కూర్చుంటే ఆ ఆందోళనకే ఇంకా పెరుగుతుంది.

5. బీపీ మాత్రను దెబ్బతీసే ఇతర మందులు

ఒంటి నొప్పులకు చీటీ లేకుండా దొరికే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్ తరహా మందు, నీటి మాత్ర, వీటికి తోడు ఈ నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. జలుబు మందుల్లో సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ ఉన్నాయేమో పెట్టె వెనక చదవండి. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు కానీ నీళ్లలో బుసబుసలాడుతూ కరిగే రకం వద్దు. అలాంటి ఒక్కో మాత్రలో 400 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. రోజుకు నాలుగు వేసుకుంటే నాలుగు గ్రాముల ఉప్పు తిన్నట్టే.

వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు కూడా నిలవని రోజున నీటి మాత్రలు, రామిప్రిల్, టెల్మిసార్టాన్ తరహా మందులు తాత్కాలికంగా ఆపమని డాక్టర్లు చెబుతుంటారు. తిండి, నీళ్లు మామూలయ్యాక 24 నుంచి 48 గంటల్లో మళ్లీ మొదలుపెట్టిస్తారు. మీకు ఇది వర్తిస్తుందా అని ముందే అడిగి రాసిపెట్టుకోండి. రామిప్రిల్, ఎనలాప్రిల్‌తో పొడి దగ్గు, అమ్లోడిపిన్‌తో చీలమండల వాపు వస్తే మీరే ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి, వేరే మందుంది. పెదాలు, నాలుక ఉబ్బితే మాత్రం ఆ మందు మరో మాత్ర వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

6. ఉప్పు: లేబుల్ చదవడం నేర్చుకోవాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి రోజుకు ఐదు గ్రాములకు లోపు ఉప్పు, అంటే రెండు గ్రాముల సోడియం. కొన్ని దేశాల పొట్లాల మీద సోడియం మిల్లీగ్రాముల్లో రాస్తారు. ఐరోపాలో ఉప్పు గ్రాముల్లో రాస్తారు. సోడియాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు. ఐరోపా లేబుల్ మీద 100 గ్రాములకు ఎంతో ఉంటుంది కాబట్టి పోల్చడం తేలిక. బ్రిటన్ లెక్కలో 1.5 గ్రాములు దాటితే ఎక్కువ, 0.3 లోపు తక్కువ.

అమెరికా లేబుల్‌లో చిక్కు వేరే. అంకె ఒక 'సర్వింగ్'కు. సూపు డబ్బా మీద 700 మిల్లీగ్రాములని ఉండి, పైన రెండు సర్వింగులని ఉంటే, డబ్బా మొత్తం తాగినవారికి 1,400 మిల్లీగ్రాముల సోడియం, మూడున్నర గ్రాముల ఉప్పు. 'రెడ్యూస్డ్ సోడియం' అన్న మాటనూ చూసి మురిసిపోకండి. మామూలు రకం కంటే పాతిక శాతం తగ్గితే చాలు, ఆ మాట వేసుకోవచ్చు. 'లో సోడియం' అంటేనే సర్వింగుకు 140 మిల్లీగ్రాముల లోపు. బ్రెడ్డు, చీజ్, సాస్, ప్యాకెట్ నూడుల్స్ నాలుకకు అంత ఉప్పగా అనిపించకపోయినా రోజు లెక్కలో పెద్ద వాటా వీటిదే.

పొటాషియం కలిపిన ఉప్పు కొందరికి మంచిదే. కిడ్నీ జబ్బున్నవారు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వాడేవారు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

7. మిగతా అలవాట్లు, వాతావరణం

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, అధిక బరువుంటే తగ్గించుకోవడం (కిలోకు సుమారు ఒక పాయింటు తగ్గుతుంది), మద్యం తగ్గించడం, పొగ మానడం. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనిది నిద్ర సంగతి. గట్టిగా గురకపెట్టి, పగలు తూగుతూ, మూడు మందులు వాడినా బీపీ దిగకపోతే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) పరీక్ష అడగండి.

చలికాలంలో బీపీ కొంత పెరుగుతుంది, ఎండలో తగ్గుతుంది. చల్లని దేశం నుంచి వేడి దేశానికి మారాక లేవగానే కళ్లు తిరుగుతుంటే, కూర్చున్నప్పుడూ, నిలబడి ఒకటి నుంచి మూడు నిమిషాల్లోనూ బీపీ కొలిచి ఆ అంకెలు డాక్టరుకు చూపండి. సొంతంగా మాత్రను సగం చేయకండి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నలిపితే రోజంతటి మందూ ఒక్కసారే లోపలికి వెళ్తుంది.

8. 180/120 దాటితే

ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ కొలవండి. దాంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడటం, మాట తడబడటం, చూపు మసకబారడం, భరించలేని తలనొప్పి ఏదున్నా అంబులెన్సుకు ఫోను చేయండి. ఐరోపాలో 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. ఏ లక్షణమూ లేకపోతే ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. నిఫెడిపిన్ క్యాప్సూల్ కొరికి నాలుక కింద పెట్టుకునే పాత పద్ధతి వద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకూ గుండెకూ రక్తం అందకుండా పోతుంది. మీ మందుల జెనరిక్ పేర్లు, మిల్లీగ్రాములు, ఇంటి అడ్రసు స్థానిక భాషలో రాసిన చీటీ పర్సులో ఒకటి, ఫోను లాక్ తీయకుండానే కనిపించే మెడికల్ ఐడీలో ఒకటి ఉంచండి. ఆ సమయంలో మీ తరఫున మాట్లాడాల్సినవారు ఇంట్లో ఉంటే, అంబులెన్సు నంబరుకు ఏం చెప్పాలో వాళ్ల చేత ముందే ఒకసారి చెప్పించి చూడండి.