సెల్ఫ్ రిపోర్ట్ అంటే ఒక్క అర్థమే కాదు

ఇంగ్లిష్‌లో ‘సెల్ఫ్ రిపోర్టెడ్’ అన్న మాట కనిపిస్తే, అక్కడ ఎవరూ కొలిచి చూడలేదని, అవతలి మనిషి చెప్పిందే రాసుకున్నారని అర్థం చేసుకోండి. సర్వేవాళ్లు ఫోన్‌లో బరువెంత అని అడిగితే చెప్పే జవాబు అలాంటిదే. చాలామంది బరువు కాస్త తగ్గించి, ఎత్తు కాస్త పెంచి చెబుతారు. అందుకే ఆ మాట ఉన్నచోట అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి.

పిల్లల చాటింగ్‌లో మాత్రం అర్థం వేరు. 2018లో వచ్చిన ‘అమాంగ్ అస్’ అనే వీడియో గేమ్‌లో, ఆటగాళ్ల మధ్య దాక్కున్న హంతకుడెవరో మిగతావాళ్లు కనిపెట్టాలి. అందులో చంపినవాడే శవం కనిపించిందని బటన్ నొక్కడాన్ని సెల్ఫ్ రిపోర్ట్ అంటారు. "స్వీట్లు ఏమయ్యాయి?" అని అడగ్గానే ఒకడు "నేనసలు ఫ్రిజ్ తెరవలేదు" అన్నాడనుకోండి, అదీ సెల్ఫ్ రిపోర్టే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమన్నమాట.