డ్రాగన్‌ని ఎదుర్కోవడం – 6వ భాగం: వెనక్కి వెళ్లిన గుర్రం

బోర్డు ముందు పెట్టుకున్నారా? పోయిన భాగంలో డ్రాగన్‌లో (చదరంగంలో సిసిలియన్ డిఫెన్స్ అనే ఆరంభంలో నలుపు ఎంచుకునే ఒక రకం) నల్లపావుల బలం ఎక్కడుందో చూశాం: జీ7 నుంచి మూలకి గురిపెట్టిన బిషప్, తెరుచుకున్న సీ వరుస. ఈసారి తెలుపు వైపు కూర్చుందాం. ఆట 1974లో మాస్కోలో జరిగిన క్యాండిడేట్స్ ఫైనల్లో (ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చే మ్యాచ్) రెండోది. తెలుపు 23 ఏళ్ల కార్పోవ్, నలుపు కోర్చ్‌నాయ్. ఈ మ్యాచ్ గెలిచాకే, మరుసటి ఏడాది అప్పటి ఛాంపియన్ ఫిషర్ ఆడకపోవడంతో, కార్పోవ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

1. ఈ4 సీ5 2. గుర్రం ఎఫ్3 డీ6 3. డీ4 సీ×డీ4 4. గుర్రం×డీ4 గుర్రం ఎఫ్6 5. గుర్రం సీ3 జీ6. డ్రాగన్ వచ్చేసింది. కాసేపటికి రాజులిద్దరూ చెరో వైపు క్యాసిలింగ్ చేసుకున్నారు, నల్ల ఏనుగు సీ4కి చేరింది. 14వ ఎత్తులో కార్పోవ్ హెచ్5 తోశాడు. గుర్రం ఆ బంటుని తినగానే 15. జీ4, గుర్రం మళ్లీ ఎఫ్6కే. ఒక్క బంటు ఖర్చుతో హెచ్ వరుస తెరుచుకుంది.

ఇక్కడ ఆగండి. మీరైతే ఏమాడతారు? నేర్చుకునే రోజుల్లో నేను వెంటనే బిషప్‌ని హెచ్6కి పంపేవాణ్ణి, సీ3లో దెబ్బ తినేవాణ్ణి. కార్పోవ్ మాత్రం డీ4 గుర్రాన్ని ఈ2కి లాగాడు. దాడి మధ్యలో వెనకడుగా! సీ4 ఏనుగుని చూడండి. అది పోతే పోయిందని సీ3 గుర్రాన్ని కొట్టి, రాజు ముందున్న బంట్లని చెదరగొట్టడం డ్రాగన్ ఆటగాళ్ల పాత విద్య. ఈ2లో గుర్రం ఉంటే సీ3లో గుర్రంతోనే తిరిగి కొట్టొచ్చు, బీ2 బంటు కదలక్కర్లేదు. బిషప్ హెచ్6కి వెళ్లింది ఆ తర్వాతే.

బిషప్‌లు మారిపోయి తెల్ల మంత్రి హెచ్6లో కూర్చుంది. 20. జీ5తో ఇంకో బంటు బలి, 21. ఏనుగు డీ5తో ఏనుగుల మార్పిడి; సీ3 గుర్రం డీ5కి, ఈ2 గుర్రం ఎఫ్4కి చేరాయి. ఇక రాజు కాక హెచ్7ని కాపాడేది ఎఫ్6 గుర్రం ఒక్కటే.

24వ ఎత్తు. డీ5 గుర్రంతో ఎఫ్6లో కొట్టి, ఎఫ్4 గుర్రాన్ని హెచ్5కి తెస్తే జీ7లో మేట్ అనిపిస్తుంది. కానీ ఏ5లోని నల్ల మంత్రి అడ్డ వరుసలో జారి జీ5 నుంచి చెక్ ఇస్తుంది. మంత్రులు మారిపోయి దాడి చల్లారిపోతుంది. అందుకే ముందు 24. ఈ5! ఆ వరుసకి బంటు అడ్డం పడింది. కోర్చ్‌నాయ్ బిషప్‌తో డీ5 గుర్రాన్ని కొట్టాడు. మూడు ఎత్తుల్లో, మంత్రి హెచ్8 చెక్ దగ్గర, ఓటమి ఒప్పుకున్నాడు.

ఇంటిపని: 24వ ఎత్తులో నలుపు బిషప్‌ని కదపకుండా డీ6 బంటుతో ఈ5లో కొట్టిందనుకోండి. తెలుపు ఎలా మేట్ చేస్తుంది? పావులు కదపకుండా చూడండి. జవాబు 7వ భాగంలో.