దుకాణం మూసేశాక: అప్పులు తీర్చుకుంటూ మళ్లీ నిలదొక్కుకునే క్రమం

వ్యాపారం దెబ్బతిని, చేతిలో ఉద్యోగమూ లేనప్పుడు చాలామంది చేసే మొదటి పని, ఎవరు ఎక్కువసార్లు ఫోన్ చేస్తే వారికి ముందు సర్దడం. ఇంటి ముందు బండి ఆపి కూర్చునే ఫైనాన్స్ కుర్రాడికి ఐదు వేలు, పెళ్లిలో నలుగురి ముందు అడిగిన బంధువుకు పది వేలు ఇచ్చాక బంగారం రుణం వడ్డీకి డబ్బు మిగలదు, నగలు వేలానికి వెళ్తాయి. ఏ బాకీ ఆలస్యమైతే మనం ఏం పోగొట్టుకుంటామో చూసుకొని, ఆ వరుసలో కట్టుకుంటూ వస్తే ఇదే ఆదాయంతో నష్టం చాలా తగ్గుతుంది. చిన్న పట్టణంలోనో మండల కేంద్రంలోనో బట్టల దుకాణమో, కిరాణా కొట్టో, సెల్‌ఫోన్ల షాపో సొంత పేరున నడిపి మూసేసినవారిని దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసం రాస్తున్నాను. కంపెనీగా నమోదైన సంస్థల దారి వేరు.

మూసివేతను పూర్తిచేయడం

షట్టర్ దించినంత మాత్రాన వ్యాపారం మూతపడదు. అద్దె నడుస్తూనే ఉంటుంది, కమర్షియల్ మీటరుకు బిల్లు వస్తూనే ఉంటుంది, జీఎస్టీ రిటర్ను వేయని ప్రతి నెలకూ ఆలస్య రుసుము పేరుకుంటూనే ఉంటుంది. అమ్మకమే లేకపోయినా నిల్ రిటర్ను వేయవలసిందే. వేయకపోతే రోజుకు 20 రూపాయలు పడుతుంది. అయితే రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు చేసేముందు సరుకు సంగతి చూసుకోవాలి. రద్దు నాటికి నిల్వ ఉన్న సరుకుపై గతంలో తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి పొందిన తగ్గింపును) తిరిగి కట్టవలసి వస్తుంది కాబట్టి, అమ్మగలిగినంత అమ్మి, పంపిణీదారు వెనక్కి తీసుకునేది ఇచ్చేసి, ఆ తర్వాతే దరఖాస్తు చేయడం మేలు. రద్దయిన మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే తుది రిటర్ను వేయాలి. చాలామందికి దీని సంగతే తెలియదు; వదిలేస్తే రోజుకు 200 చొప్పున 10,000 రూపాయల వరకు రుసుము పడుతుంది.

సరుకును పండగ సీజను దాకా ఆపితే మంచి ధర వస్తుందన్న ఆశ ఈ దశలో ఖరీదైనది, ఎందుకంటే ఆ నాలుగైదు నెలల అద్దె, వడ్డీ కలిసి ఆ అదనపు ధరను మింగేస్తాయి. ర్యాకులు, కౌంటరు, ఇన్వర్టరు, ఫ్రిజ్ వంటివి అదే వీధిలో కొత్తగా షాపు పెట్టేవారికి అమ్మితే పాత సామాన్ల వ్యాపారి ఇచ్చేదానికంటే ఎక్కువ వస్తుంది. ఇంటి యజమాని దగ్గరున్న అడ్వాన్సును అద్దెలో కోసుకోమని చెప్పి కూర్చోకుండా, ఖాళీ చేసే తేదీని రాతపూర్వకంగా ఇచ్చి మిగిలినది వెనక్కి అడగాలి. విద్యుత్ కనెక్షన్ మీ పేరున ఉంటే రద్దు చేయించుకున్నాక సెక్యూరిటీ డిపాజిట్‌లో బాకీ పోను మిగిలినది తిరిగి వస్తుంది.

ఉద్దెర పుస్తకాన్ని మాత్రం మొదటి నెలలోనే చేతపట్టుకొని బయల్దేరాలి. కొట్టు మూతపడిందంటే బాకీ కూడా పోయినట్టేనని అనుకునేవారు ఊరికి పదిమంది ఉంటారు. పెద్ద మొత్తాలు ఉన్నవారి దగ్గరికి ముందు వెళ్లి, సగమైనా ఇప్పుడే ఇస్తామంటే తీసుకొని ఖాతా కొట్టేయడం, పూర్తి మొత్తం కోసం ఏడాది తిరగడం కంటే లాభం.

నష్టం వచ్చింది కదా, ఆదాయపు పన్ను రిటర్నుతో ఇక పనేమిటని వదిలేయడం మరో పొరపాటు. గడువులోపు రిటర్ను వేసినవారికే వ్యాపార నష్టాన్ని తర్వాతి 8 సంవత్సరాల వరకు ముందుకు తీసుకువెళ్లే వీలుంటుంది. ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. మళ్లీ వ్యాపారం చేసి లాభం వచ్చినప్పుడే అది పనికొస్తుంది.

అప్పుల చిట్టా

ఒక పెద్ద కాగితం మీద ఎవరికి, ఎంత అసలు, ఏ వడ్డీకి, ఏ పత్రం మీద, ఎవరి హామీతో అన్నది రాసుకోవాలి. భార్యాభర్తలిద్దరూ కూర్చొని రాయాలి; ఇంట్లో తెలియకుండా దాచిన ఒక్క నోటు తర్వాత ఈ లెక్కనంతా తలకిందులు చేస్తుంది. వడ్డీలన్నింటినీ ఏడాది లెక్కలోకి మార్చితేనే పోలిక కుదురుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డు బాకీపై నెలకు మూడు, మూడున్నర శాతం అంటే 36 నుంచి 42 శాతం. ఇక పది వేలకు రాయించుకొని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే డైలీ ఫైనాన్స్ చూడటానికి నూటికి పది రూపాయలే అనిపిస్తుంది. అసలు రోజురోజుకూ తగ్గుతూ ఉంటుంది కనుక ఏడాది లెక్కన అది 80 శాతానికి చేరువ అవుతుంది.

వడ్డీ ఒక్కటే చూసి వరుస పెట్టుకోకూడదు. ఇంటి తిండి, పిల్లల చదువు, మందులు, ఆరోగ్య బీమా ప్రీమియం అన్నింటికంటే ముందు. బీమా ఆగితే పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటినుంచి లెక్కపెడతారు, ఆ మధ్యలో ఒక్కసారి ఆసుపత్రిలో చేరవలసి వస్తే ఈ ప్రణాళికంతా వృథా. ఆ తర్వాత తాకట్టులో ఉన్నవి. బంగారం మొత్తానికి వడ్డీ కట్టలేమని తేలినప్పుడు వేలం నోటీసు కోసం ఎదురుచూడకుండా, కొంత బంగారాన్ని మనమే అమ్మి మిగిలినదాన్ని విడిపించుకోవాలి. మమకారం కొద్దీ అన్నీ నిలబెట్టుకోవాలని చూసినవారు అన్నీ పోగొట్టుకోవడమే ఎక్కువ. మూడోది, మరొకరు హామీ ఉన్న బాకీ. పాడుకున్న చీటీ వాయిదాలు ఆగితే చిట్ కంపెనీ ష్యూరిటీల వెంట పడుతుంది, మన కోసం సంతకం పెట్టిన టీచరు జీతానికి అటాచ్‌మెంట్ (జప్తు) వస్తుంది. వీటి తర్వాతే వడ్డీ ఎక్కువున్న బాకీలు, చివరకు సరుకు ఇచ్చిన హోల్‌సేలర్లు, వడ్డీ అడగని బంధువులు. ఈ చివరివారికి నెలకు వెయ్యో రెండు వేలో తప్పకుండా ఇస్తూ ఉంటే చాలామంది ఓపిక పడతారు. ఫోన్ ఎత్తడం మానేసినప్పుడే మాట పోతుంది.

నోటు, చెల్లు, చెక్కు

మన ఊళ్లలో కుటుంబాలను కూలదోసేది చాలాసార్లు బ్యాంకు అప్పు కంటే ప్రామిసరీ నోటు. నోటుపై దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది కనుక, ఆ గడువు దగ్గరపడుతున్నప్పుడు అప్పిచ్చినవారు వచ్చి నోటు తిరగరాయమంటారు. ఇక్కడ జాగ్రత్త పడాలి. 3 లక్షల నోటు రెండు రూపాయల వడ్డీకి మూడేళ్లు నడిచిందనుకుందాం. నెలకు 6,000 చొప్పున వడ్డీ 2,16,000 అవుతుంది. దాన్ని అసలులో కలిపి 5,16,000కు కొత్త నోటు రాసిచ్చిన మరుక్షణం నుంచి నెల వడ్డీ 10,320 రూపాయలు. చేతికి కొత్తగా రూపాయి కూడా రాలేదు. ఇలా తిరగరాసే బదులు ఎంతో కొంత కట్టి, పాత నోటు వెనకనే తేదీతో, సంతకంతో చెల్లు (ఇంత కట్టామన్న రాత) రాయించాలి. చెల్లు రాసి సంతకం పెడితే అప్పిచ్చినవారికి కూడా ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల గడువు దొరుకుతుంది గనుక వారికీ భయం ఉండదు, మన వడ్డీ మాత్రం పాత అసలు మీదనే నడుస్తుంది. వడ్డీ వదులుకొని అసలు తీసుకోవడానికి ఒప్పుకునేవారు ఊహించినదానికంటే ఎక్కువమందే ఉంటారు, అది కూడా ఒకేసారి డబ్బు చూపించినప్పుడు. కాబట్టి సరుకు, సామాన్లు అమ్మగా వచ్చినదాన్ని అందరికీ తలా కొంచెం పంచకుండా, ఒకటో రెండో నోట్లను పూర్తిగా తెంచుకోవడానికి వాడటమే నా సలహా. తీర్చాక నోటు కాగితం చేతికి తీసుకోవాలి. ఫోన్‌పేలో పంపిన డబ్బుకు కూడా చెల్లు రాయించాలి.

నోటుతోపాటు ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే వాటి నంబర్లు రాసి పెట్టుకోవాలి. చెక్కు బౌన్సయితే అప్పిచ్చినవారు 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, అది అందిన 15 రోజుల్లోపు మనం కట్టాలి, కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు వారు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. రుజువైతే రెండేళ్ల వరకు జైలుశిక్ష గానీ, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ నోటీసును తీసుకోకుండా తప్పించుకు తిరగడం వల్ల ఒరిగేదేమీ లేదు. రాజీకి చివరి మంచి అవకాశం ఆ 15 రోజులే. కేసు నడుస్తున్నా, ఇంకా పడకపోయినా లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. అక్కడ రుసుము ఉండదు, ఇచ్చిన అవార్డుపై (తీర్పుపై) అప్పీలు కూడా ఉండదు కనుక ఒప్పుకునే వాయిదా మనం నిజంగా కట్టగలిగినదై ఉండాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థను 15100 నంబరులో సంప్రదించవచ్చు.

బ్యాంకులతో

వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, అందువల్ల దుకాణం మూసిన వారంలోనే బ్రాంచికి వెళ్లి, గడువు పెంచి వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడగాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) వెళ్లవచ్చు. వన్ టైమ్ సెటిల్‌మెంట్‌కు (కొంత తగ్గించి ఒకేసారి తీర్చుకోవడానికి) ఒప్పుకుంటే లేఖ చేతికి వచ్చాకే డబ్బు కట్టాలి. అలా తీరిన ఖాతా మన అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్‌లో క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడి, కొత్త అప్పుకు ఏళ్ల తరబడి అడ్డం వస్తుంది. అయినా వేరే దారి లేనివారు స్కోరు కోసం ఇంటిని పణంగా పెట్టనక్కర్లేదు. ఇల్లు తాకట్టు పెట్టిన రుణం పూర్తిగా తీరితే 30 రోజుల్లోపు ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

అప్పులవాళ్లు అన్నీ లాక్కుంటారన్న భయంలో సగం నిజం లేదు. డిక్రీ (అప్పు కట్టమన్న కోర్టు తీర్పు) వచ్చినా వంట పాత్రలు, కట్టుబట్టలు, సంప్రదాయం ప్రకారం స్త్రీ తీయకూడని మంగళసూత్రం, చేతివృత్తి పనిముట్లు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. జీతంలో మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదానిలో మూడింట రెండు వంతులూ మామూలు అప్పు డిక్రీకి అందవు. పాత ఉద్యోగం తాలూకు పీఎఫ్ ఖాతాలో ఉన్న డబ్బు కూడా జప్తుకు అందదు. ఆ రక్షణ ఉన్న డబ్బును మనంతట మనమే బయటికి తీసి, ఏ రక్షణా లేని చేబదులుకు కట్టేసే ముందు ఆలోచించాలి.

ఐపీ పెట్టడం గురించి కూడా చెప్పాలి. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టులో దివాలా పిటిషన్ వేసే ఈ దారి ఇప్పటికీ ఉంది. కానీ తాకట్టు అప్పులకు అది అడ్డం పడదు, హామీదారుల బాధ్యత పోదు. దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా ఆస్తిని భార్య పేరునో బావమరిది పేరునో మార్చి ఉంటే కోర్టు దాన్ని రద్దు చేయగలదు. అప్పు మొత్తం ఏ ఆదాయంతోనూ తీరదని తేలినవారు న్యాయవాదితో మాట్లాడి తీసుకోవలసిన నిర్ణయమిది, కోపంలో బెదిరింపుగా వాడే మాట కాదు.

ఆదాయం, ఆ తర్వాత

దుకాణం నడిపినవారికి ఉద్యోగం దొరకదన్నది అపోహ. కొనుగోలు ధర పలకడం, స్టాకు లెక్క, టాలీ, జీఎస్టీ బిల్లులు, వసూళ్లు తెలిసిన మనిషి ఏ పంపిణీదారుకైనా, సూపర్ మార్కెట్‌కైనా, బట్టల షోరూముకైనా పనికొస్తాడు. నిన్నటిదాకా మనకు సరుకు వేసిన ఏజెన్సీలోనే సేల్స్ పనికి అడగడం చాలామందికి నామోషీగా ఉంటుంది. నిజానికి మన పనితనం తెలిసినవారు ఆ ఊళ్లో వారే. బయోడేటాలో ఆ ఏళ్లను ఖాళీగా వదలకుండా దుకాణం పేరు, నెలసరి అమ్మకం, ఎంతమందిని పనిలో పెట్టుకున్నామన్నది రాయాలి. డెలివరీ పనికి దిగితే పెట్రోలు, బండి రిపేరు, టైర్లు తీసేశాక మిగిలేదే సంపాదనగా లెక్కపెట్టుకోవాలి.

పోయినదాన్ని త్వరగా రాబట్టాలన్న ఆత్రంలో ఉన్నవారి కోసమే అన్నట్టు ఫోన్‌లో ప్రకటనలు వస్తుంటాయి. షేర్ మార్కెట్‌లోని ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్‌లో 2021-22 నుంచి మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో ప్రకటించింది. అప్పు తీర్చడానికి లోన్ యాప్‌లో అప్పు చేయడం ఇంకా ప్రమాదం. ఫోటోలతో బెదిరింపులు మొదలైతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

జీతం మొదలైన నెల నుంచే చిన్న రికరింగ్ డిపాజిట్ వేసి, మూడు నెలల ఇంటి ఖర్చు పోగయ్యేవరకు దాన్ని కదపకూడదు, లేకపోతే పిల్లవాడికి జ్వరం వచ్చినా మళ్లీ నోటే రాయాల్సి వస్తుంది. కొత్త చీటీ వేయవలసి వస్తే రిజిస్టరైనదే వేయాలి. మళ్లీ వ్యాపారం పెట్టాలనుకునేవారు కనీసం నూటికి రెండు రూపాయలు, ఆపైన వడ్డీ ఉన్న నోట్లన్నీ తెగేదాకా ఆగాలి. ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు. పాత రుణం ఎగవేతగా నమోదై ఉంటే బ్యాంకు వెనకాడుతుంది గనుక దరఖాస్తుకు ముందు ఏడాదికోసారి ఉచితంగా వచ్చే సిబిల్ రిపోర్టు తీసి, తీరిన ఖాతాలు తీరినట్టే పడ్డాయో లేదో చూసుకొని, తప్పులుంటే సరిచేయించుకోవాలి. ఈసారి దుకాణానికి వేరే కరెంటు ఖాతా తెరిచి, ఇంటి ఖర్చుకు అందులోంచి నెలకు ఇంతేనని ముందే నిర్ణయించుకున్న జీతం తప్ప గల్లాపెట్టెలోంచి నేరుగా ఏదీ తీయకూడదు.