మహిళల టీమ్ స్ప్రింట్ స్కీ రేసును ఎలా చూడాలి?

క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో మహిళల టీమ్ స్ప్రింట్‌ను చాలామంది ఆఖరి వంద మీటర్ల నుంచి చూడటం మొదలుపెడతారు. ముగింపు గీతను ముందుగా ఎవరు దాటారో చూసి, భలే ఫినిష్ అనుకుని వెళ్లిపోతారు. ఆ వంద మీటర్ల దాకా ఎవరు రాగలరన్నది ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. అది ఎక్కడ తేలిందో పట్టుకోవడమే ఈ రేసు చూడటమంటే.

ముందు లెక్క తెలుసుకోండి. జట్టుకు ఇద్దరు, మొత్తం ఆరు అంచెలు. మొదటి స్కీయర్ ఒకటి, మూడు, ఐదు అంచెలు చేస్తుంది. రెండో స్కీయర్ రెండు, నాలుగు, ఆరు. ఒకరు మంచు మీద ఉన్నప్పుడు ఇంకొకరు ఊపిరి తీసుకుంటారు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఒక్కో అంచె 1.25 కిలోమీటర్లు, గెలిచిన జట్టు 16 నిమిషాల లోపే మొత్తం ముగించింది. అంటే విశ్రాంతి మూడు నిమిషాలు కూడా దొరకదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

కావలసినవి: మొదటి నుంచి చివరి దాకా పూర్తి ప్రసారం, స్టార్ట్ లిస్ట్ (ఏ జట్టులో ఎవరు ఏ వరుసలో ఉన్నారో చెప్పే జాబితా), ఒక కాగితం, పెన్సిల్. హైలైట్స్ వద్దు. వాటిలో ఐదో అంచెను దాదాపు ఎప్పుడూ కోసేస్తారు, అసలు చూడాల్సింది అదే.

తర్వాత ఏ పద్ధతిలో జరుగుతోందో చూసుకోండి. ఒలింపిక్స్‌లో ఇది ఒకసారి క్లాసిక్, మరోసారి ఫ్రీస్టైల్‌గా మారుతూ వస్తోంది: 2006లో క్లాసిక్, 2010లో ఫ్రీస్టైల్, అలా. క్లాసిక్‌లో స్కీలు మంచులో వేసిన జాడల్లో నేరుగా సాగుతాయి. ఫ్రీస్టైల్‌లో స్కేటింగ్ చేసినట్టు పక్కలకు తోస్తారు. అలసట ఎక్కడ కనిపిస్తుందన్నది దీన్ని బట్టి మారుతుంది కాబట్టి ఈ పని ముందే అయిపోవాలి.

కాగితం మీద ప్రతి జట్టు పేరు పక్కన ఎవరు ముందు, ఎవరు తర్వాత అని రాసుకోండి. ఎక్కువ జట్లు ఫినిష్‌లో బాగా స్ప్రింట్ చేయగల అమ్మాయిని రెండో స్థానంలో ఉంచుతాయి. అలా చేయని జట్టు పక్కన గుర్తు పెట్టండి, దాని వెనక ఏదో ఆలోచన ఉండే ఉంటుంది.

మొదటి రెండు అంచెల్లో గుంపు పెద్దగా విడిపోదు. ఎవరైనా పడ్డారా, ఎవరి పోల్ (చేతికర్ర) అయినా విరిగిందా అన్నది చూస్తే చాలు. పోల్ విరగడం చిన్న విషయం అనుకోకండి. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో కెనడా క్రీడాకారిణి సారా రెనర్ పోల్ విరిగితే, దారి పక్కన నిలబడ్డ నార్వే కోచ్ బ్యార్నార్ హాకెన్స్‌మోన్ తన చేతిలోని పోల్ ఆమెకు అందించాడు. రెనర్, బెకీ స్కాట్ జోడీకి రజతం వచ్చింది. నార్వే నాలుగో స్థానంలో మిగిలింది. ఈ క్రీడ మీద నాకున్న గౌరవానికి ఆ ఒక్క సంఘటన చాలు.

ఇక అసలు కష్టమైన భాగం: నాలుగు, ఐదు అంచెలు. ఇక్కడ తొందరపడకండి.

తెర మూలన కనిపించే సమయ తేడాలను నమ్మి మోసపోయేది ఇక్కడే. ఆ అంకెలు తప్పు కావు, కానీ తీసుకునే చోటే ఇబ్బంది. చాలా కోర్సుల్లో స్టేడియంలోకి వచ్చే ముందు దిగుడు ఉంటుంది. దిగేటప్పుడు ముందున్న స్కీయర్ గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకున్నవాళ్లు ఆమె చాటున తేలిగ్గా జారి దగ్గరకు వచ్చేస్తారు. ఎత్తు మీద బాగా వెనకబడిన జట్టు కూడా ఎక్స్ఛేంజ్ జోన్‌కు, అంటే ఒకరు ఇంకొకరికి అంచె అప్పగించే చోటుకు, వచ్చేసరికి అంటుకునే ఉన్నట్టు కనిపిస్తుంది. కామెంటేటర్ "ఇంకా ఆరు జట్లు పోటీలో ఉన్నాయి" అంటాడు. నిజానికి మూడే ఉంటాయి. కాబట్టి తేడాను ఎక్స్ఛేంజ్ దగ్గర కాదు, ఆఖరి ఎత్తు ఎక్కిన చోట కొలవండి. మొదటి మూడు అంచెల్లో ఆ చోటు ఏదో కనిపెట్టి ఉంచుకోండి: ఒక జెండా, ఒక ప్రకటన బోర్డు, ఏదైనా సరే. నాలుగో అంచెలో అందరికన్నా ముందున్న స్కీయర్ దాన్ని దాటగానే, వెనక జట్లు దాటేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ఐదో అంచెలో మళ్లీ అదే చోట. ఈ రెండు అంకెలూ కాగితం మీద ఉంటే రేసు మీ చేతిలో ఉన్నట్టే.

అంకెలతో పాటు కాళ్లు చూడండి, ముఖం కాదు. అలసిపోయిన ముఖం అందరిదీ ఒకేలా ఉంటుంది. క్లాసిక్‌లో అలసినవాళ్ల కాలు ఎత్తు మీద పట్టు తప్పి వెనక్కి జారుతుంది. స్కీ అడుగున పట్టు కోసం పూసే వాక్స్ (మైనం) సరిపోకపోయినా అలాగే జారుతుంది. అయితే ఆ జారుడు మొదటి అంచె నుంచే ఉందంటే వాక్స్, ఐదో అంచెలో కొత్తగా మొదలైందంటే అలసట. ఫ్రీస్టైల్‌లో ఒక్కో తోపుకు జారే దూరం తగ్గుతుంది, నడుము కిందికి కుంగుతుంది, భుజాలు పక్కలకు ఊగడం మొదలవుతుంది.

ఐదో అంచె ఇంత ముఖ్యం ఎందుకంటే, అది మొదటి స్కీయర్‌కు ఆఖరి పని. దాచుకోవాల్సిన శక్తి ఏమీ లేదు. దూరపు రేసుల్లో ఆరితేరిన స్కీయర్లు ఇక్కడే స్ప్రింటర్లను వదిలించుకోవాలని చూస్తారు. 2018లో సరిగ్గా అదే పరీక్ష వచ్చింది. స్వీడన్ నుంచి షార్లొట్ కల్లా, అదే ఒలింపిక్స్‌లో అప్పటికే స్కియథ్లాన్ (సగం క్లాసిక్, సగం ఫ్రీస్టైల్‌లో సాగే దూరపు రేసు) స్వర్ణం గెలిచిన మనిషి. నార్వే నుంచి మారిట్ బ్యోర్గెన్, కొద్దిరోజులకే 30 కిలోమీటర్ల స్వర్ణం గెలవబోయే మనిషి. వాళ్ల మధ్య స్ప్రింటర్‌గా పేరున్న అమెరికా కికన్ రాండల్. రాండల్ వాళ్ల నుంచి వెనకబడి విడిపోలేదు. జట్టును పోటీలో ఉంచి జెస్సీ డిగిన్స్‌కు అప్పగించింది. డిగిన్స్ చివర్లో స్వీడన్ రెండో స్కీయర్ స్టీనా నిల్సన్‌ను 0.19 సెకన్లతో దాటింది, క్రాస్ కంట్రీలో అమెరికాకు అది తొలి ఒలింపిక్ స్వర్ణం. అందరూ డిగిన్స్ ఫినిష్‌నే మళ్లీ మళ్లీ చూస్తారు. నేనైతే రాండల్ ఐదో అంచె చూడమంటాను.

వ్యక్తిగత స్ప్రింటే గొప్పదని వాదించేవాళ్లున్నారు. అందులో వేగం ఉంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ మనిషి తన కోసం తాను పరిగెడుతుంది. ఇక్కడ ఒకరి అలసటను ఇంకొకరు మోయాలి, అదీ మూడేసిసార్లు. చూడటానికి ఇదే మేలైన రేసు.

అప్పగింత దగ్గర చూడాల్సింది ఒకటే: ఎక్స్ఛేంజ్ జోన్ లోపలే వచ్చే స్కీయర్ చెయ్యి, వెళ్లే స్కీయర్ ఒంటికి తగలాలి. తాకాలే తప్ప తోయకూడదు. వెళ్లే మనిషి ముందే మెల్లగా కదులుతూ ఉంటే వేగం నిలుస్తుంది. నిలబడి ఎదురుచూస్తే రెండు మూడు స్థానాలు అక్కడే పోతాయి.

ఆరో అంచెలో కాగితం పక్కన పెట్టి చూడండి. ముందుగా ఎవరినీ కొట్టిపారేయకండి. 2022 బీజింగ్‌లో విక్టోరియా కార్ల్ జట్టులోకి వచ్చిందే ఆఖరి నిమిషంలో, అనారోగ్యంతో తప్పుకున్న సహచరి స్థానంలో. కథరీనా హెన్నిగ్‌తో కలిసి జర్మనీకి స్వర్ణం తెచ్చింది ఆమే.

గీత దగ్గర స్కీ కొనను చూడకండి. ఫొటో ఫినిష్‌లో లెక్కలోకి వచ్చేది ముందున్న బూటు కొన. చివరి క్షణంలో స్కీయర్లు ఒక కాలు అంత ముందుకు చాచేది అందుకే. ఫలితాలు అధికారికమయ్యే దాకా ప్రసారం ఆపకండి, ఒకరికొకరు అడ్డుపడ్డారన్న ఫిర్యాదుల మీద జ్యూరీ స్థానాలు మార్చవచ్చు.