బోన్ చైనాకు చింతపండు తగలనివ్వకండి

వన్‌టౌన్‌లో మా ఇంటి గోడకు మా మామ్మ ప్లేటు ఒకటి వేలాడుతుంది. చైనా పింగాణీని చూసి ఇంగ్లండ్‌లో చేసిన బోన్ చైనా రకం. లేత నీలం మీద గులాబీ రంగు పూలు, అంచుకు బంగారు గీత. ఒక సంక్రాంతికి ఇత్తడి బిందెలతో పాటు దాన్నీ చింతపండుతో రుద్దేశాను. రెండంగుళాల మేర బంగారం పోయింది. అక్కడ వేలు తగిలితే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

కడిగే ముందు అదేమిటో తెలుసుకోండి. చీకట్లో ప్లేటు వెనక ఫోన్ టార్చ్ పెట్టి, టార్చ్‌కూ ప్లేటుకూ మధ్య వేళ్లు అడ్డం పెట్టి, ముందు వైపు నుంచి చూడండి. బోన్ చైనా అయితే వేళ్ల నీడ కనిపిస్తుంది, తెలుపులో కాస్త వెచ్చదనం ఉంటుంది. చైనా పింగాణీలోనూ వెలుగు కనిపిస్తుంది గానీ, దాని తెలుపు తరచూ నీలం వైపు వాలుతుంది. బోన్ చైనా మట్టిలో దాదాపు సగం కాల్చిన పశువుల ఎముకల బూడిదే. ఇంగ్లండ్‌లోని స్టోక్ అనే ఊళ్లో జోసయా స్పోడ్ అనే పింగాణీ తయారీదారు 1790ల ప్రాంతంలో ఈ పాళ్లు కుదిర్చాడు.

వెనక డైమండ్ ఆకారపు ముద్ర ఉందా? ఆ డిజైన్ బ్రిటన్‌లో 1842–1883 మధ్య రిజిస్టరైనట్టు. 1884 నుంచి ఆ ముద్ర బదులు రిజిస్ట్రేషన్ నంబరు వేశారు. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే మాత్రం సాధారణంగా ఇరవయ్యో శతాబ్దానిది. ముద్ర లేదని పారేయకండి, ఆ రోజుల్లో ముద్ర వేయనివీ చాలానే ఉన్నాయి.

ఇక కడగడం. బంగారం, పూల రంగులు చాలావరకు మెరుపు పూత మీదే ఉంటాయి, లోపల కాదు. అందుకే పులుపు, పీచు, వంటసోడా, బ్లీచ్ ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేయండి. ప్లాస్టిక్ టబ్బులో పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెల లిక్విడ్ ఒక్క చుక్క వేసి, చేత్తోనే కడగండి. మెత్తటి నూలుగుడ్డతో అద్దండి, రుద్దకండి. అతికించిన ముక్కలుంటే నానబెట్టకండి, జిగురు వదిలేస్తుంది.

సముద్రం ఒడ్డునున్న మా ఊళ్లో ఇంకో శత్రువు ఉప్పుగాలి. గోడకు తగిలించే ఇనుప స్ప్రింగు త్వరగా తుప్పు పడుతుంది, పగులు ఉంటే ఆ మరక అందులోకి దిగుతుంది. నేను కొక్కేలకు గుడ్డ చుట్టాను. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి దించి చూసుకుంటాను.