చలికాలంలో కోళ్ల గూడు: పైన గాలి దారి మూయకండి

మొన్న తెలిసినవారి పెరట్లో ఒకే రాత్రి గూటిలోని కోళ్లన్నీ చచ్చిపోయాయి. చలికి వణుకుతున్నాయని జాలిపడి గూడు చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టారు, లోపల బొగ్గుల కుంపటి పెట్టారు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అది బయటికి పోయే సందు కూడా లేకపోయింది.

మేత, టీకాల సంగతి కోళ్లు పెంచేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఒక్కటే: చలికాలమని గూడు మూసేయకండి. కుంపటి పెట్టకపోయినా సరే, మూసేయకండి. చలికాలంలో కోళ్లను పోగొట్టుకున్న ఇళ్లలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే.

ఈకలు పూర్తిగా వచ్చిన కోడి చలికి బాగా ఓర్చుకుంటుంది. దాని ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. ఈకలు ఉబ్బించి, కాళ్లను పొట్ట కింద దాచుకుని కూర్చుంటే ఆ వేడి ఒంట్లోనే నిలుస్తుంది. దాన్ని కుంగదీసేది చెమ్మ. రెట్టలో ముప్పాతిక వంతు నీరే, దానికి తోడు రాత్రంతా ఊపిరిలోంచి వచ్చే ఆవిరి. ఆ తడికి రెట్ట కుళ్లి అమ్మోనియా అనే ఘాటు వాయువు పుడుతుంది. గాలి కదలకపోతే అదంతా కోళ్ల తలల చుట్టూనే నిలిచిపోతుంది. ముందు కళ్లు నీరు కారతాయి, తర్వాత తుమ్ములు, గురక. శ్వాసనాళం లోపలి పొర దెబ్బతిన్నాక ఏ రోగమైనా సులువుగా అంటుకుంటుంది.

గాలి దారి కోళ్లు కూర్చునే కర్రకన్నా ఎత్తులో, చూరు కింద, రెండు వైపులా ఉండాలి. తేమ పట్టిన వెచ్చని గాలి పైకి లేచి అటునుంచి పోతుంది. కోళ్ల ఒంటికి నేరుగా తగిలే ఈదురుగాలిని మాత్రం ఆపాలి. కర్ర దగ్గర సన్నని కాగితం ముక్క వేలాడదీసి చూడండి. రెపరెపలాడితే గాలి వచ్చే వైపు ఆ ఎత్తు వరకే చెక్క కొట్టండి.

తెల్లవారి తలుపు తీయగానే కప్పు లోపలివైపు తడిమి చూడండి. వేళ్లకు నీటి చుక్కలు అంటితే గాలి చాలడం లేదు. తర్వాత వంగి కోళ్ల తల ఎత్తులో వాసన చూడండి, నిలబడితే తెలియదు. కళ్లు మండాయా, ఇప్పటికే ఆలస్యమైంది.

మిగతావి: గాలి దారులకు అర అంగుళం కన్నుల ఇనుప జాలి బిగించండి, లేకపోతే ఎలుకలు దూరతాయి. వాన జల్లు లోపల పడకూడదు. కర్ర కింది రెట్ట రోజూ ఎత్తేయండి. తడిసిన ఊక తీసి పారేయండి, దాని మీదే కొత్త ఊక చల్లి కప్పిపెట్టకండి. రాత్రిపూట నీళ్ల గిన్నె లోపల వద్దు. చిన్న గూటిలో కోళ్లను కుక్కకండి. ఈకలు రాని పిల్లలకు వెచ్చదనం కావాలి, వాటిని వేరుగా పెంచండి, అక్కడా గాలి ఆడాలి. పెద్దకోళ్లకు వేడి బల్బు కట్టకండి, ఎండు ఊకలో పడితే గూడంతా అంటుకుంటుంది. కుంపటి వద్దు. ఆరిపోతున్న నిప్పులు కూడా వద్దు. మంచు పడుతోందని జాలి మీద గోనె కప్పకండి. ఒక్క రాత్రికే కదా అని కూడా కప్పకండి. ఇప్పటికే కప్పి ఉంటే, ఈ సాయంత్రం కోళ్లు గూడెక్కకముందే విప్పేయండి.